పిల్లలకు మొదటి గేమ్ కన్సోల్: మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఏది కొంటే పనికొస్తుంది

మొన్న కుమార పున్నమి నాడు రాయగడ నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఏటి బావా, గుంటలు ఒకటే గోల. పెద్దోడు పీఎస్ ఫైవ్ అంటాడు. చిన్నదేమో మారియో ఉన్నదే కావాలంటది. కొట్లో కుర్రోడు ఇంకోటేదో చవకని చెప్తున్నాడు. నువ్వు కరెంటు సామాన్లమ్మేవాడివి కదా, ఏది తీసుకోమంటావు?"

నేను ఏ పేరూ చెప్పలేదు. మీ ఇంట్లో నెట్ ఏమిటి, కరెంటు పోతే టీవీ ఇన్వర్టర్ మీద నడుస్తుందా, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది అని అడిగాను. చివరిదానికి నవ్వాడు. "ఇంకెవరు, మా అమ్మ."

అయితే సగం తేలిపోయినట్టే అన్నాను.

నాది పర్లాకిమిడిలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే కొట్టు. గేమ్‌లు అమ్మను. కానీ ఇద్దరు పిల్లల తండ్రిని, పైగా ఒకసారి తప్పు సరుకు కొని చేతులు కాల్చుకున్నవాడిని కాబట్టి చుట్టాలందరూ నన్నే అడుగుతారు. వీడియోల్లో చెప్పే పోలికలు మనకు పెద్దగా అక్కరకు రావు. బొమ్మ 4కెలో ఎంత మెరుస్తుందో, సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పి ఊరుకుంటారు. బరంపురంలోనో గుణుపురంలోనో జయపురంలోనో ఉండేవాడికి ముందు కావలసినవి వేరే. ఆట మన ఇంటికి ఏ దారిన వస్తుంది? కరెంటు పోతే ఏమవుతుంది? పాడైతే ఎక్కడికి మోసుకెళ్లాలి? ఇద్దరు పిల్లలుంటే ఒకేసారి ఆడగలరా?

ముందు నెట్ సంగతి

నేను మొదట కొన్నది డిస్కు పెట్టే చోటే లేని పెట్టె. తక్కువలో వచ్చిందని తీసుకున్నాను. అప్పటికి మా వీధికి ఫైబర్ రాలేదు. ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, రోజుకు 2 జీబీ ప్యాకు. మా పెద్దమ్మాయి అడిగిన ఆట 60 జీబీ. అంటే ఇంట్లో ఎవరూ వాట్సాప్ కూడా తెరవకుండా నెల రోజులు కూర్చుంటే ఒక ఆట దిగుతుందన్నమాట. పిల్ల రోజూ బడి నుంచి రాగానే పెట్టె ఆన్ చేసి, ఆ నీలం గీత ఎంతవరకు జరిగిందో చూసి, మళ్లీ ఆఫ్ చేసేది. వారం తిరిగేసరికి చూడటం కూడా మానేసింది. చివరికి నాలుగు వేలు నష్టానికి పాతపట్నంలో ఒకాయనకి ఇచ్చేశాను. వాళ్లింట్లో ఫైబర్ ఉంది, అదే పెట్టె మీద పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారు. తప్పు పెట్టెది కాదు, చూసుకోకుండా కొన్న నాది.

30 ఎంబీపీఎస్ వేగం నిలకడగా వచ్చే ఫైబర్ ఉంటే అదే 60 జీబీ నాలుగున్నర గంటల్లో దిగిపోతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి రెడీ. అన్‌లిమిటెడ్ అని రాసిన ప్యాకులోనూ ఇన్ని జీబీ దాటితే వేగం తగ్గిస్తామని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది మాత్రం చదువుకోండి. ఫైబర్ లేని ఇంటికి డిస్కు గానీ కార్డు గానీ పెట్టుకునే కన్సోలే కొనాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

పీఎస్5: డిస్కు ఉన్నదే

పీఎస్5, అంటే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. సన్నగా చేసిన స్లిమ్ మోడల్ 2024 ఏప్రిల్ 5న వచ్చింది. అప్పుడు డిస్కు డ్రైవ్ ఉన్నదాని ధర 54,990 రూపాయలు, లేనిది 44,990. ఆ తర్వాత ధర అటూ ఇటూ జరుగుతూనే ఉంది, కాబట్టి కొనే రోజు చూసుకోండి. దసరా, దీపావళి ఆఫర్లలో తగ్గితే అప్పుడే తీసుకోవడం మేలు.

ఈ రెంటి మధ్య పదివేల తేడా చూసి చాలామంది డిస్కు లేనిదాని మీద మనసు పడతారు. నేనైతే వద్దంటాను. పెద్ద ఆట కొత్తది ఐదు వేలకు అటూ ఇటూ ఉంటుంది. డిస్కు లేని పెట్టెలో ఆ ఆట మీ ఖాతాలోనే ఉండిపోతుంది. అమ్మలేరు, పక్కింటి పిల్లాడికి ఇవ్వలేరు. డిస్కయితే ఆడేశాక సగం ధరకైనా పోతుంది, లేదా మార్చుకోవచ్చు. మా వీధిలో ముగ్గురు పిల్లల దగ్గర ప్లేస్టేషన్లు ఉన్నాయి. వాళ్ల మధ్య డిస్కులు మన చిన్నప్పటి కామిక్ పుస్తకాల్లా తిరుగుతుంటాయి. ఎవరి డిస్కు ఎవరింట్లో ఉందో తల్లులకు కూడా తెలియదు. నాలుగైదు ఆటలు అలా మారితే ఆ పదివేలు వచ్చేసినట్టే. పైగా పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ ఇందులో ఆడతాయి, పాతవి వెయ్యికో పదిహేను వందలకో దొరుకుతాయి. ముందు డిస్కు లేని స్లిమ్ కొన్నా తర్వాత డ్రైవ్ విడిగా తెచ్చి తగిలించుకోవచ్చు గానీ, అలా కలిపి చూస్తే ఖర్చు కలిసొచ్చేదేమీ ఉండదు.

డిస్కు ఉన్నా ఆట ముందు పెట్టెలోకి కాపీ అవుతుంది, ఆపైన అప్‌డేట్లు దించమంటుంది. అవి ఒక్కోసారి పది జీబీ దాటతాయి. హాట్‌స్పాట్ ఇంట్లో కూడా ఇది నెట్టుకు రావచ్చు, కాస్త ఓపిక ఉంటే. కొనగానే ఆడుకోవడానికి ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే ఆట లోపలే ఉచితంగా ఉంటుంది. చిన్న రోబో బొమ్మ గెంతుతూ పోతుంది. కంట్రోలర్ ఎలా పట్టుకోవాలో నేర్పడానికి అంతకన్నా మంచిది నేను చూడలేదు.

ఇక పెట్టెతో వచ్చేది ఒక్క కంట్రోలరే. రెండోది ఐదారు వేలు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఈ ఖర్చు మొదటి రోజే వేసుకోవాలి. లేకపోతే ఆ ఒక్కదాని కోసం జరిగే యుద్ధం చూడలేక మీరే మర్నాడు కొంటారు.

పదేళ్లు దాటిన పిల్లలకు, క్రికెట్, ఫుట్‌బాల్, కార్ల రేసులు ఇష్టపడేవాళ్లకు, హాల్లో టీవీ వాళ్లకు దొరికే ఇంట్లో ఇదే నా ఓటు. చెడిపోతే సర్వీసుకు విశాఖో భువనేశ్వరో పంపాలి. మా ఊరి నుంచి విశాఖ నూటయాభై కిలోమీటర్లు దాటుతుంది. అందుకే జీఎస్టీ బిల్లు, పెట్టె వెనక సీరియల్ నంబరు రెండూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆంధ్రాలో కొంటే ఒడిశాలో వారంటీ పనిచేయదేమో అని కొందరు భయపడతారు. మన దేశంలో కంపెనీ అధికారికంగా అమ్మే సరుకైతే రాష్ట్రం ఏదైనా ఒకటే.

స్విచ్: అత్తగారి సీరియల్‌కు అడ్డం రాదు

మా బావ ఇంటి సమస్యకు అసలు మందు ఇది. నింటెండో స్విచ్‌ను టీవీకి తగిలించి ఆడొచ్చు, తీసి చేత్తో పట్టుకుని మంచం మీద పడుకుని కూడా ఆడొచ్చు. హాల్లో సీరియల్ నడుస్తుంటే గుంటలు వెనక గదిలో ఉంటారు. ఇంకో సంగతి: పక్కల ఉండే జాయ్‌కాన్లు రెండూ విడదీసి అడ్డంగా పట్టుకుంటే రెండు చిన్న కంట్రోలర్లవుతాయి. అంటే పెట్టె తెరిచిన రోజే ఇద్దరు ఆడొచ్చు, అదనంగా పైసా పెట్టక్కర్లేదు.

మారియో కార్ట్ 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ అని ఒక సౌకర్యం ఉంది. అది ఆన్ చేస్తే కారు రోడ్డు దిగిపోదు. ఐదేళ్ల పిల్ల కూడా అన్నతో సమానంగా పరుగెత్తిస్తుంది, ఏడవదు. మా చిన్నోడికి ఆరేళ్లప్పుడు బడిలో ఒడియా అక్షరాలు, ఇంట్లో తెలుగు మాట, ఇంగ్లీషు ఇంకా కూడబలుక్కునే దశ. చదవాల్సిన పని ఎక్కువున్న ఆటలు వాడి వల్ల అయ్యేవి కావు. బొమ్మ చూసి ఆడే ఆటలు చిన్న పిల్లలకు స్విచ్ మీదే ఎక్కువ. కన్సోల్ ఆటల్లో తెలుగు గానీ ఒడియా గానీ దొరకడం లేదనే అనుకోవాలి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మరి ఇబ్బంది ఎక్కడ? నింటెండో మన దేశంలో నేరుగా అమ్మడం లేదు. విశాఖ, హైదరాబాద్ లాంటి చోట్ల ఇంపోర్ట్ సరుకు అమ్మే కొట్ల నుంచో, సింగపూర్, దుబాయ్ నుంచి వచ్చే చుట్టాల చేతో తెప్పించుకోవాలి. కంపెనీ వారంటీ ఇక్కడ ఉండదు, కొట్టువాడు ఇచ్చే హామీయే హామీ. ధర కూడా ఒక్కో కొట్లో ఒక్కోలా ఉంటుంది. ఆన్‌లైన్ స్టోర్‌లో కొనాలంటే ఖాతా వేరే దేశం పేరు మీద తెరిచి గిఫ్ట్ కార్డులు కొనుక్కునేవాళ్లే ఎక్కువ. కార్డు ఆటలు కొంటే ఆ తలనొప్పి తగ్గుతుంది. అన్నట్టు ఆ చిన్న కార్డులకు కావాలనే చేదు మందు పూస్తారు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మేసేలా. మా చిన్నోడు నిజమో కాదో చూద్దామని నాకి, అరగంట మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

స్విచ్‌లో ఏది? లైట్ అనేది 2019లో వచ్చింది, అన్నిటికన్నా చవక, కానీ టీవీకి తగలదు, జాయ్‌కాన్లు ఊడిరావు. ఒక్క పిల్లాడే ఉంటే, ప్రయాణాలు ఎక్కువైతే సరే. ఇద్దరుంటే కొనకండి. 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్‌కు 7 అంగుళాల తెర, బ్యాటరీ నాలుగున్నర నుంచి 9 గంటలు. నేను ఎవరికైనా ఇదే చెప్తాను. స్విచ్ 2 అయితే 2025 జూన్ 5న వచ్చింది. తెర పెద్దది, లోపల 256 జీబీ ఉంది, పాత స్విచ్ ఆటలు చాలావరకు ఆడుతుంది. కానీ బ్యాటరీ 2 నుంచి ఆరున్నర గంటలే. ధర పీఎస్5 దగ్గరికి పోతుంది. మొదటి కన్సోల్‌కు అంత అక్కర్లేదు.

స్విచ్ 2 తీసుకునేవాళ్లకు రెండు హెచ్చరికలు. జపాన్ భాషకు మాత్రమే పనిచేసే మోడల్ ఒకటి ఉంది. అక్కడ తక్కువ ధరకు దొరుకుతుంది కాబట్టి ఎవరో తెస్తామంటారు. అందులో మెనూ అంతా జపనీస్, జపాన్ ఖాతాలే పనిచేస్తాయి. తేవద్దని ముందే చెప్పండి. రెండోది, కొన్ని స్విచ్ 2 ఆటల కార్డుల్లో ఆట ఉండదు, తాళం చెవి మాత్రమే ఉంటుంది. ఆటను మళ్లీ నెట్ నుంచే దించుకోవాలి. డబ్బా మీద గేమ్ కీ కార్డ్ అని రాసి ఉంటుంది. హాట్‌స్పాట్ ఇంటికి అది దండగ.

జాయ్‌కాన్లకు డ్రిఫ్ట్ అనే రోగం అందరికీ తెలిసిందే. వేలితో తిప్పే స్టిక్ ముట్టుకోకపోయినా బొమ్మ తనంతట తనే పక్కకు నడిచిపోతుంది. మామూలు స్విచ్‌లో, ఓలెడ్‌లో జాయ్‌కాన్ ఊడదీసి, చెయ్యి తిరిగిన మొబైల్ రిపేరువాడి చేత స్టిక్ మార్పించుకోవచ్చు. లైట్‌లో అయితే పెట్టె మొత్తం విప్పాలి. లైట్ వద్దనడానికి నాకున్న ఇంకో కారణం ఇదే.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ గురించి నాలుగు మాటలు

2020 నవంబర్ 10న 34,990 రూపాయలకు వచ్చింది. చిన్న పెట్టె, కరెంటు తక్కువ తాగుతుంది, 32 అంగుళాల మామూలు టీవీకి దీని బొమ్మే సరిపోతుంది. కంట్రోలర్‌లో మామూలు పెన్సిల్ సెల్సు రెండు వేసుకుంటే చాలు, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. నెలకింత కట్టి గేమ్ పాస్ తీసుకుంటే ఆటల గుట్ట దొరుకుతుంది. అయితే కట్టడం ఆపిన రోజు ఆ ఆటలు ఆగిపోతాయి, పైగా 2025 అక్టోబర్‌లో ఆ చందా ధరలు బాగా పెంచారు. డిస్కు లేదు. లోపల 512 జీబీ అని రాసినా ఆటలకు మిగిలేది 360 జీబీ చిల్లర. మన దగ్గర కొట్లలో పెద్దగా కనిపించదు, ఆన్‌లైన్‌లో వెతుక్కోవాలి. గట్టి ఫైబర్ ఉండి, రకరకాల ఆటలు రుచి చూసే పిల్లలున్న ఇంటికి మంచిదే. మిగతావాళ్లు నా కథ ఇంకోసారి చదవండి.

తక్కువలో కావాలంటే

బడ్జెట్ పదిహేను వేల చుట్టూ ఉంటే కొత్తదానికోసం వెంపర్లాడకుండా వాడిన పీఎస్4 చూడండి. కొత్త పెద్ద ఆటలు దానికి రావడం చాలావరకు ఆగిపోయింది, నిజమే. కానీ మొదటిసారి ఆడే పిల్లాడికి పాత ఆట అన్నదే లేదు, అన్నీ కొత్తవే. రేపు పీఎస్5కి మారినా ఆ డిస్కులు పనికొస్తాయి. మా మేనల్లుడికి అలాంటిదే విశాఖలో 14 వేలకు చూసి ఇప్పించాను. చూడటమంటే అమ్మేవాడి ఇంట్లో అరగంట కూర్చున్నాను.

మీరూ అలాగే కూర్చోవాలి. సొంత డిస్కు ఒకటి తీసుకెళ్లి పెట్టి ఆడించండి. ఇరవై నిమిషాలకు ఫ్యాను విమానంలా అరిస్తే లోపల దుమ్ము పేరుకుందని, వేడికి పూసే పేస్టు ఎండిపోయిందని అర్థం. దానికోసం వెయ్యి రూపాయలైనా తగ్గించమనొచ్చు. వెనక టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ వైరును మెల్లగా కదిపితే బొమ్మ పోతుందేమో చూడండి. స్టిక్ వదిలేసినా బొమ్మ కదులుతుందేమో చూడండి. పాత యజమాని ఖాతా తీయించి, మొత్తం చెరిపించి, మీ ఖాతాతో లోపలికి వెళ్లగలిగాకే డబ్బివ్వండి.

ఇంకో మాట, చెప్తే నవ్వుతారు. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. పీఎస్4 లోపలి వెచ్చదనం అంటే బొద్దింకలకు మహా ఇష్టం. రిపేరువాళ్లను అడిగితే కథలు కథలుగా చెప్తారు. లోపల గలగలమంటే తీసుకోకండి.

ఇక పదివేల ఆటలు అని డబ్బా మీద రాసుకుని, టీవీ వెనక గుచ్చే గేమ్ స్టిక్‌లు రెండు మూడు వేలకు వస్తాయి. నా చిన్నప్పుడు బరంపురం నుంచి మా మామయ్య తెచ్చిన టీవీ గేమ్ గుర్తొస్తుంది. పసుపు క్యాసెట్, మీద 9999 ఆటలని రాత. అందులో నిజంగా ఉన్నవి ఏడో ఎనిమిదో, వాటినే పేర్లు మార్చి తిప్పి తిప్పి చూపించేవాడు. పనిచేయకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదడం, మళ్లీ గుచ్చడం. ఈ స్టిక్‌లు దానికి మనవలు. ఆటలన్నీ దొంగ కాపీలు, కంట్రోలర్లు నెల తిరిగేసరికి ఊడిపోతాయి, బిల్లూ ఉండదు, వారంటీ ఉండదు. మీ చిన్నతనం గుర్తు చేసుకోవడానికి మీకోసం కొనుక్కుంటే కొనుక్కోండి. పిల్లలకు కన్సోల్ కొన్నామని మాత్రం అనుకోకండి.

ఫోన్ చాలదా అని అడిగేవాళ్లకు ఒకటే చెప్తాను. ఫోన్ ఆటల్లో చాలావరకు ఊరికే వస్తాయి, తర్వాత ఆ ఆయుధం కొను, ఈ చొక్కా కొను అని పిల్లాడి చేత మన డబ్బు తీయిస్తాయి. మధ్యలో ప్రకటనలు. కన్సోల్ మీద ఒకసారి కొన్న ఆటకు మొదలూ చివరా ఉంటాయి. హాల్లో పెద్ద తెర మీద ఏం ఆడుతున్నాడో అమ్మమ్మకు కూడా కనిపిస్తుంది.

కరెంటు, పిడుగు

ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను, ఓర్చుకోండి.

పీఎస్5 పెద్ద ఆట ఆడేటప్పుడు 200 వాట్ల దాకా తాగుతుంది. సిరీస్ ఎస్ వందలోపే. టీవీకి తగిలించిన మామూలు స్విచ్‌కు ఇరవై వాట్లు చాలు. మీ ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే, పీఎస్5, టీవీ, ఒక ఫ్యాను కలిపి నడిస్తే మూడు గంటలు దాటి లాగదు. బ్యాటరీ పాతదైతే రెండు. వేసవిలో రాత్రి కరెంటు పోయినప్పుడు పిల్లాడు ఆడిన ఆ రెండు గంటలకు బదులు తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ విసనకర్రలు పట్టుకోవాలి. మా కొట్టుకు ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి, "బ్యాటరీ బాగోలేదు" అని. తీరా వెళ్లి చూస్తే టీవీ కింద పీఎస్ ఉంటుంది.

చాలా ఇన్వర్టర్లకు వెనకో ముందో యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని మార్చే స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కన్సోల్ ఆగిపోతుంది. ఆట సేవ్ కాదు, ఏడుపు మొదలు. యూపీఎస్ మోడ్‌కు మార్చండి. దాదాపు ఆగదు. నింటెండో స్విచ్‌కు సొంత బ్యాటరీ ఉంది కాబట్టి ఈ గొడవే లేదు. టీవీ ఆరిపోతే తీసి చేత్తో పట్టుకుంటారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు మా ఇంట్లో స్విచ్ లేదు గానీ, ఉండి ఉంటే బాగుండునని ఇప్పటికీ మా పెద్దది అంటుంది.

కాలబైశాఖి గాలివానల రోజుల్లో ఇంకో జాగ్రత్త. రెండేళ్ల కిందట మా ఇంట్లోనే జరిగింది. ఉరుములు మొదలవగానే ప్లగ్గులన్నీ పీకేశాను, ఎలక్ట్రికల్ కొట్టు పెట్టుకున్నవాడిని కదా అని గర్వంగానే ఉంది. కేబుల్ టీవీ వైరు మాత్రం వదిలేశాను. పిడుగు ఆ వైరు మీదుగా టీవీలోకి, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా కన్సోల్‌లోకి పోయింది. టీవీ బోర్డు, కన్సోల్ హెచ్‌డీఎంఐ చిప్ రెండూ మాడిపోయాయి. పెట్టె ఆన్ అవుతుంది, లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు. కాబట్టి ప్లగ్గు, కేబుల్ వైరు, నెట్ వైరు మూడూ పీకండి. లేదా కన్సోల్ వెనక హెచ్‌డీఎంఐ వైరైనా పీకండి.

ఇంట్లోకి తెచ్చుకోవడం, ఖాతా పెట్టడం

సరిహద్దు ఊళ్లకు ఒక విచిత్రం ఉంది. మా పిన్ కోడ్ కొడితే ఈ సరుకు డెలివరీ లేదని చూపించి, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం పిన్ కోడ్ కొడితే మూడు రోజుల్లో వస్తుందని చూపించిన రోజులున్నాయి. దీనికి ఎదురు జరిగిన రోజులూ ఉన్నాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు గీత కొరియర్ వాళ్లకు ఇప్పటికీ గట్టిగానే కనిపిస్తుంది. అవతల చుట్టాలుంటే రెండు పిన్ కోడ్‌లూ కొట్టి చూడండి. ఏ చిరునామాకు వచ్చినా పెట్టె తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి.

ఖాతా తెరిచేటప్పుడు పిల్లాడి అసలు పుట్టిన తేదీయే వేయండి, మీ ఖాతా కింద పిల్లల ఖాతాగా పెట్టండి. తొందరలో పెద్దవాడి వయసు వేస్తే తర్వాత ఏ తాళమూ పనిచేయదు. నింటెండోకు, ఎక్స్‌బాక్స్‌కు ఫోన్‌లో పెట్టుకునే తల్లిదండ్రుల యాప్‌లు ఎప్పటి నుంచో ఉన్నాయి. సోనీ కూడా 2025 సెప్టెంబర్‌లో తెచ్చింది. రోజుకు గంట అని పెడితే మీరు కొట్లో ఉన్నా ఇంట్లో ఆట టైము అయిపోయిందని అదే చెప్తుంది. నాన్న చెప్పినట్టు కాకుండా మిషన్ చెప్పినట్టుంటే పిల్లలు తక్కువ గొడవ చేస్తారు, ఎందుకో మరి. కార్డు నంబరు అందులో దాచకండి.

డబ్బా ముందు కింది మూలలో 3, 7, 12, 16, 18 అని ఒక అంకె ఉంటుంది. అది ఆట ఎంత కష్టమో కాదు, ఏ వయసు వాళ్లకు తగిందో చెప్పేది. జీటీఏ 5 మీద 18 అని ఉంటుంది. ఆరో తరగతి పిల్లలు అందరి దగ్గరా ఉందని చెప్పి మరీ అడిగేది అదే. నేను ఇవ్వలేదు. "అందరి దగ్గరా అంటే ఎవరెవరి దగ్గరమ్మా?" అని పేర్లు రాయమన్నాను, మా పెద్దది రెండు పేర్లు రాసి ఆగిపోయింది.

చివరికి మా బావ ఓలెడ్ స్విచ్ తీసుకున్నాడు. పెద్దోడికి పదేళ్లు, చిన్నదానికి ఆరు, టీవీ వాళ్ల నానమ్మది, నెట్ ఫోన్‌ది. ఆ ఇంట్లో పీఎస్5 పెడితే దిష్టిబొమ్మలా కూర్చునేది. ఇంకో మూడేళ్లకు పెద్దోడు మళ్లీ పీఎస్ అంటాడు, అప్పటికి ఫైబర్ వస్తే చూసుకోవచ్చని చెప్పాను.

ఒక చిట్కా కూడా చెప్పాను. కొత్త కన్సోల్ ఏదైనా మొదటిసారి ఆన్ చేయగానే అప్‌డేట్ అడుగుతుంది. పుట్టినరోజు పొద్దున్న కేకు పక్కన పెట్టుకుని అది దిగేదాకా పిల్లల్ని కూర్చోబెడితే పండగంతా పాడవుతుంది. అందుకని ముందు రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక బావ పెట్టె విప్పి, ఖాతా పెట్టి, అప్‌డేట్ చేసి, ఛార్జింగ్ నింపి, మళ్లీ సర్ది టేపు అంటించాడట. పొద్దున్న పెద్దోడు అన్నిటికన్నా ముందు చూసింది ఆ టేపునే.

"నాన్నా, ఇది సెకండ్ హ్యాండా?"